జుట్టు రాలకుండా హార్మోన్‌ను అడ్డుకునే మందులు: పూత లోషన్లు, మూలికలు పోల్చి చూసుకునే పద్ధతి

మా మందుల షాపు పర్లాకిమిడిలో ఉంది. ఒక సాయంత్రం మా మేనల్లుడు రాయగడ నుంచి వచ్చి కౌంటరు మీద మూడు సీసాలు వరసగా పెట్టాడు. పేపరు మిల్లులో ఉద్యోగం, ముప్పై ఒకటో ఏడు. నడినెత్తి మీద పది రూపాయల బిళ్ళంత మేర పలచబడింది. మొదటి సీసా మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ కలిసిన లోషన్. రెండోది సా పామెట్టో అనే మూలిక గుళికలు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవి. మూడోది సంతలో కొన్న భృంగరాజ్ తైలం. నాలుగు నెలలుగా మూడూ వాడుతున్నాడు.

"మావయ్యా, రాలడం తగ్గినట్టే ఉంది. కానీ ఛాతీ మీద చెయ్యి తగిలితే నొప్పి పుడుతోంది. ఇందులో ఏది ఆపమంటావు?"

నేను చెప్పలేకపోయాను. మూడూ ఒకే వారంలో మొదలుపెట్టినప్పుడు ఏది పని చేసిందో, ఏది ఇబ్బంది పెట్టిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. అప్పటికి వాడి భార్యకు మూడో నెల. ఆ లోషన్ విషయంలో ఆ సంగతి ముఖ్యమని కూడా వాడికి తెలీదు. ఆ రోజు వాణ్ణి కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ఈ ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో మనకున్న చిక్కు ఇంకొకటి ఉంది. కొందరం పాతపట్నం దాటి శ్రీకాకుళం వెళ్తాం, కొందరం బరంపురం పెద్దాసుపత్రికి, ఇంకొందరం విశాఖకి. చీటీ ఒక ఊళ్ళో రాయిస్తాం, మందు ఇంకో ఊళ్ళో కొంటాం. డబ్బా మీద రాత ఒడియాలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో ఉంటుంది. చదివి చెప్పేవాళ్ళు పక్కన లేకపోతే "ఆయుర్వేదిక్" అన్న ఒక్క మాట పట్టుకుని కొనేస్తాం.

మూలికంటే మంచిది, కెమికలంటే చెడ్డది అనే లెక్కతో మొదలుపెడితే ఈ పోలిక ఎప్పటికీ తేలదు. ఒక పదార్థం హార్మోన్‌ను నిజంగా అడ్డుకుంటే, అది కాయలోంచి వచ్చినా ఫ్యాక్టరీలోంచి వచ్చినా మందే. మందుకు తీసుకునే జాగ్రత్తలన్నీ దానికీ తీసుకోవాలి. "హార్మోన్‌ను గట్టిగా అడ్డుకుంటుంది, ఏ ఇబ్బందీ ఉండదు" అని రెండు మాటలూ ఒకే డబ్బా మీద కనబడితే, వాటిలో ఒకటి తప్పు.

మొదటి మెట్టు: ఇది హార్మోన్ వల్ల రాలుతున్న జుట్టేనా?

దీనికి డబ్బు ఖర్చు లేదు. అయినా దాదాపు అందరూ దాటేసే మెట్టు ఇదే.

మన గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మలేరియా ఎంత మామూలో అందరికీ తెలుసు. మలేరియా, టైఫాయిడ్, డెంగీ లాంటి గట్టి జ్వరం వచ్చి తగ్గాక రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్ళుగా ఊడుతుంది. కాన్పు తర్వాత, పెద్ద ఆపరేషన్ తర్వాత, ఉన్నట్టుండి తిండి తగ్గించేసినా ఇదే వరస. జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళిపోతాయి, రెండు మూడు నెలల తర్వాత కలిసి రాలతాయి. చాలామందికి ఆరు నెలల్లో తిరిగి మొలుస్తాయి. ఈ రకానికి హార్మోన్ అడ్డుకునే మందు అక్కరలేదు. ఆ సమయంలో ఏ నూనె రాసినా "నూనె వల్లే వచ్చింది" అనిపిస్తుంది. సంతలో తైలాలకు వచ్చిన పేరులో చాలా భాగం ఇలా వచ్చిందేనని నా నమ్మకం.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. రెండు రోజులు తలస్నానం చేయకుండా ఉండండి. మూడో రోజు తెల్ల కాగితం పరచి దాని మీదకు వంగి, పన్ను దగ్గరగా ఉన్న దువ్వెనతో నుదుటి నుంచి మెడ దాకా దువ్వండి. మా ఊరి కొమ్ము దువ్వెన ఉంటే ఇంకా మంచిది, నల్ల వెంట్రుక దానికి చుట్టుకోకుండా జారి పడుతుంది. పడిన వెంట్రుకల్ని కాగితం మీద పక్కపక్కన పేర్చండి. అన్నీ పొడవుగా, ఒకే లావున, చివర చిన్న తెల్ల గడ్డతో ఉంటే అది జ్వరం, నీరసం తరహా రాలడం కావచ్చు. వాటి మధ్య వేలెడు పొడవు కూడా లేని సన్నటి, పాలిపోయిన వెంట్రుకలు బాగా ఉంటే, అందులోనూ అవి నడినెత్తి నుంచీ నుదుటి మూలల నుంచీ వస్తుంటే, హార్మోన్ పని మొదలైందని అనుమానించాలి. మేనల్లుడి కాగితం మీద ఆ సన్నవి చాలా కనిపించాయి. వాటిని చూశాకే, వాడు మందు గురించి ఆలోచించడం తప్పు కాదని నాకు అనిపించింది.

రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. గుండ్రంగా నున్నటి మచ్చలా ఊడితే, పొలుసులు లేచి దురదపెడితే, చీము పడితే అది వేరే జబ్బు. అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఆడవాళ్ళయితే థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు ముందు చేయించుకోవాలి. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మొదలుపెట్టొద్దు. మన ప్రాంతంలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి, వాళ్ళకు ఐరన్ ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరే తేల్చాలి.

రెండో మెట్టు: మందు దేన్ని అడ్డుకుంటుందో తెలుసుకోండి

మగవాళ్ళ ఒంట్లో ప్రధాన హార్మోన్ టెస్టోస్టిరాన్. 5 ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని డీహెచ్‌టీగా మారుస్తుంది. కొందరి నెత్తి మీది వెంట్రుక కుదుళ్ళు పుట్టుకతోనే ఈ డీహెచ్‌టీకి లొంగిపోయే రకం. అది తగిలే కొద్దీ కుదురు చిన్నదవుతుంది, ప్రతి విడతలోనూ ముందుకన్నా సన్నటి వెంట్రుక మొలుస్తుంది, చివరికి నూగులా మిగులుతుంది. తల వెనక, చెవుల పక్కన కుదుళ్ళు లొంగవు. బట్టతల వచ్చినవాళ్ళకు కూడా అక్కడ జుట్టు మిగలడానికి కారణం అదే.

ఇది ఎలా తెలిసిందో కూడా చెప్పాలి. యుక్తవయసుకు ముందే వృషణాలు పోయిన మగవాళ్ళకు బట్టతల రావడం లేదని 1940లలో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గమనించాడు. 1974లో జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో పుట్టుకతో ఈ ఎంజైమ్ లోపించిన మగవాళ్ళ గురించి ప్రచురించింది. వాళ్ళకు ప్రొస్టేట్ (మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరగదు, బట్టతల రాదు. ఆ ఎంజైమ్‌ను ఆపే మందుగా ఫినాస్టరైడ్ తయారైంది. అమెరికాలో 1992లో ప్రొస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో మగవాళ్ళ బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి వచ్చింది. ఆ డొమినికన్ పిల్లలు పుట్టినప్పుడు జననాంగాలు ఆడపిల్లలవిలా కనిపించేవన్న సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. గర్భిణుల జాగ్రత్త దగ్గర ఇదే మళ్ళీ వస్తుంది.

మూడో మెట్టు: ఇంట్లో ఉన్న సీసాల్ని రెండు కుప్పలు చేయండి

హార్మోన్‌ను అడ్డుకునేవి ఒక కుప్ప, అడ్డుకోనివి ఒక కుప్ప.

మినాక్సిడిల్ రెండో కుప్పలోది. చాలామంది దీన్ని కూడా హార్మోన్ మందే అనుకుంటారు. అది మొదట రక్తపోటుకు వాడిన మాత్ర. వాడినవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు పెరుగుతుంటే చూసి తలకు పూసే మందుగా మార్చారు. 1988లో అమెరికాలో 2 శాతం లోషన్‌కు అనుమతి వచ్చింది. అది వెంట్రుక పెరిగే దశను పొడిగిస్తుంది, డీహెచ్‌టీ జోలికి పోదు. వాడినన్నాళ్ళే ఉంటుంది. ఆపితే కొన్ని నెలల్లో మళ్ళీ పాత స్థితికి వచ్చేస్తుంది.

గుంటగలగర, అంటే హిందీ డబ్బాల మీద భృంగరాజ్, కూడా నా లెక్కలో రెండో కుప్పలోదే. ఎలుకల మీద ప్రయోగాల్లో వెంట్రుకలు త్వరగా పెరిగాయి. మనుషుల తల మీద డీహెచ్‌టీని తగ్గించిందని గట్టిగా చూపించిన పరీక్ష లేదు. మందారం, ఉసిరి, కరివేపాకు, మెంతులు, ఆముదం అంతే. తలకు చల్లదనం, జుట్టుకు మెరుపు, విరగకుండా కాస్త నునుపు ఇస్తాయి. మా అమ్మ కాచే గుంటగలగర నూనె నేను ఇప్పటికీ రాసుకుంటాను. దాన్ని నూనెగానే రాసుకుంటాను.

మొదటి కుప్పలో మిగిలేవి: పూతగా ఫినాస్టరైడ్, కొన్ని చోట్ల అదే తరహా మందైన డుటాస్టరైడ్, మూలికల్లో సా పామెట్టో, గుమ్మడి గింజల నూనె, కొంత వరకు రోజ్‌మేరీ. చుండ్రుకు వాడే కీటోకోనజోల్ 2 శాతం షాంపూకు కూడా కొద్దిపాటి హార్మోన్ వ్యతిరేక గుణం ఉందంటారు. చుండ్రు ఉన్నవాళ్ళు వారానికి రెండుసార్లు రాసి నాలుగైదు నిమిషాలు ఉంచి కడుక్కోవచ్చు, కానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు.

నాలుగో మెట్టు: డబ్బా మీది అంకెలతో లెక్క కట్టండి

కాగితం, పెన్ను తీసుకోండి. 0.1 శాతం ఫినాస్టరైడ్ అంటే 100 మిల్లీలీటర్లలో 100 మిల్లీగ్రాములు, ఒక మిల్లీలీటరులో 1 మిల్లీగ్రాము. మన దేశంలో దొరికే మినాక్సిడిల్ కలిపిన లోషన్లు చాలావరకు ఈ బలంతోనే వస్తాయి. పొద్దున ఒక మిల్లీలీటరు, రాత్రి ఒక మిల్లీలీటరు రాస్తే రోజుకు 2 మిల్లీగ్రాములు తలకు పట్టించినట్టు. మింగే మాత్రలో ఉండేది 1 మిల్లీగ్రాము. పూసినదంతా రక్తంలోకి పోదు, నిజమే. కానీ "పూతే కదా" అని తేలిగ్గా తీసుకునే మోతాదు కాదది.

యూరప్‌లో అనుమతి ఉన్న ఫినాస్టరైడ్ స్ప్రే 0.25 శాతం బలంతో ఉంటుంది. శాతం చూస్తే మన దానికి రెండున్నర రెట్లు. కానీ రోజుకు ఒకసారి, ఎక్కువలో ఎక్కువ నాలుగు పిచికారీలు, మొత్తం కలిపి 0.2 మిల్లీలీటరు. అంటే సుమారు అర మిల్లీగ్రాము. శాతం పెద్దదైనా మోతాదు చిన్నది. మా మేనల్లుడు పూటకో మిల్లీలీటరు చొప్పున దానికి నాలుగు రెట్లు రాస్తున్నాడు. "తొందరగా రావాలని కొన్ని రోజులు మూడు పూటలూ రాశాను మావయ్యా" అని తర్వాత మెల్లగా చెప్పాడు. లెక్క కట్టి చూపించాక సీసాకేసి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

సా పామెట్టో డబ్బా మీద చూడాల్సింది వేరు. ఇది అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో, ముఖ్యంగా ఫ్లోరిడాలో పెరిగే పొట్టి తాటి జాతి మొక్క పండు. పరీక్షల్లో వాడింది ఆ పండు నుంచి తీసిన కొవ్వు సారం, రోజుకు 320 మిల్లీగ్రాములు. దుకాణాల్లో దొరికే కొన్ని గుళికల్లో ఉండేది పండు ఎండబెట్టి కొట్టిన పొడి. పొడి 500 మిల్లీగ్రాములున్నా సారం 320కి సమానం కాదు. డబ్బా వెనక "ఎక్స్‌ట్రాక్ట్" అనుందో "పౌడర్" అనుందో, కొవ్వు ఆమ్లాలు ఎంత శాతమో చదివించుకోండి. ఏదీ రాయకుండా "ప్రొప్రైటరీ బ్లెండ్" అని ఒకే అంకె వేసి ఉంటే కొనొద్దు.

ఒక తేడా కూడా గమనించండి. ఫినాస్టరైడ్ డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందు, పెట్టె మీద ఆ హెచ్చరిక ఉంటుంది. మూలికా గుళికలు కొన్ని ఆయుర్వేద లైసెన్సుతో, కొన్ని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సుతో వస్తాయి. ఆహార లైసెన్సుతో వచ్చేది జుట్టు జబ్బు నయం చేస్తుందని ఎవరూ పరీక్షించి ముద్ర వేసింది కాదు. పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు లేని సీసాలు సంతలో ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

ఐదో మెట్టు: ఏది ఎంత పని చేస్తుందో పక్కపక్కన పెట్టండి

కొలబద్ద కోసం ముందు మింగే మాత్రను పెట్టుకుందాం. 1 మిల్లీగ్రాము ఫినాస్టరైడ్ మాత్ర రక్తంలో డీహెచ్‌టీని దాదాపు మూడింట రెండొంతులు తగ్గిస్తుంది.

పూత ఫినాస్టరైడ్‌కు మంచి పరీక్ష 2022లో ప్రచురితమైంది. ఇందాక చెప్పిన 0.25 శాతం స్ప్రేను ఉత్తుత్తి మందుతోనూ (చూడ్డానికి మందులా ఉండి, అసలు మందు లేనిది), మాత్రతోనూ పోల్చి ఆరు నెలలు చూశారు. కొలిచిన చోట వెంట్రుకలు స్ప్రే వాళ్ళకు సగటున ఇరవై, మాత్ర వాళ్ళకు ఇరవై ఒకటి, ఉత్తుత్తి మందు వాళ్ళకు ఏడు చొప్పున పెరిగాయి. రక్తంలో డీహెచ్‌టీ మాత్రతో సుమారు 56 శాతం తగ్గితే, స్ప్రేతో 35 శాతం తగ్గింది. అంటే జుట్టు మీద పనితీరు దగ్గరదగ్గరగా ఉంది, ఒంట్లోకి వెళ్ళేది తక్కువ. కానీ సున్నా కాదు. "పూత మందు తల దాటి లోపలికి పోదు" అని ఎవరైనా చెబితే ఈ 35 శాతం గుర్తు తెచ్చుకోండి. ఆ ఫలితం ఆ మోతాదుకే వచ్చిందని కూడా మరచిపోవద్దు. రోజుకు రెండు మిల్లీలీటర్లు రాసేవాళ్ళకు ఆ 35 వర్తించదు.

సా పామెట్టో సంగతి. 2012లో ఇటలీలో వందమంది మగవాళ్ళను రెండేళ్ళు చూశారు. ఫినాస్టరైడ్ మాత్ర వాడినవాళ్ళలో 68 శాతం మందికి మెరుగైంది, సా పామెట్టో 320 మిల్లీగ్రాములు వాడినవాళ్ళలో 38 శాతం మందికి. మూలికల ప్రకటనలు ఆ 38నే ఎత్తి చూపిస్తాయి. ఆ పరీక్షలో ఉత్తుత్తి మందు తీసుకున్న వాళ్ళు లేరు, కాబట్టి ఆ 38లో మందు వాటా ఎంతో చెప్పలేం.

ఇంకొక దారిన చూస్తే ఇంకా తేటగా అర్థమవుతుంది. ప్రొస్టేట్ కూడా డీహెచ్‌టీ మీదే పెరుగుతుంది. డీహెచ్‌టీ తగ్గితే పీఎస్ఏ అనే రక్తపరీక్ష అంకె తగ్గుతుంది. ఫినాస్టరైడ్ దాన్ని సుమారు సగానికి దించుతుంది. సా పామెట్టోను మూడు రెట్లు పెంచి, రోజుకు 960 మిల్లీగ్రాముల దాకా ఇచ్చి చూసిన పెద్ద పరీక్ష 2011లో అమెరికాలో వచ్చింది. ప్రొస్టేట్ ఇబ్బందులు ఉత్తుత్తి మందుతో తగ్గినంతే తగ్గాయి, పీఎస్ఏ కదల్లేదు. హార్మోన్‌ను గట్టిగా పట్టుకునే పదార్థమైతే అక్కడ ఏదో ఒక జాడ కనిపించాలి కదా. అందుకే నా అంచనా ఇది: సా పామెట్టో పని చేస్తే బలహీనంగా, కొందరికే చేస్తుంది. అప్పుడే మొదలైన పలచదనానికి, మాత్ర వద్దనుకున్న మనిషి తెలిసి ప్రయత్నించవచ్చు. ముప్పై దాటకుండానే నడినెత్తి కనబడుతున్న కుర్రాడు దీని మీద రెండేళ్ళు పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ రెండేళ్ళలో మూసుకుపోయిన కుదుళ్ళు చాలావరకు తిరిగి రావు.

గుమ్మడి గింజల నూనెకు 2014లో కొరియాలో 76 మంది మీద ఒక పరీక్ష ఉంది. రోజుకు 400 మిల్లీగ్రాములు, ఇరవై నాలుగు వారాలు. కొలిచిన చోట వెంట్రుకల సంఖ్య నూనె వాళ్ళకు సగటున 40 శాతం, ఉత్తుత్తి గుళిక వాళ్ళకు 10 శాతం పెరిగింది. వినడానికి గొప్పగా ఉంది. అయితే ఆ గుళికలో గుమ్మడి నూనెతో పాటు వేరే మొక్కల పదార్థాలు కూడా ఉన్నాయి, పరీక్ష చిన్నది. గుమ్మడి గింజలు వేయించుకుని తినడం మంచి తిండే, ఆ పరీక్షతో దాన్ని ముడిపెట్టొద్దు.

రోజ్‌మేరీ నూనెను 2015లో ఇరాన్‌లో 2 శాతం మినాక్సిడిల్‌తో పోల్చారు. ఆరు నెలలకు రెండూ సమానంగా కనిపించాయి. కానీ మగవాళ్ళు మామూలుగా వాడేది 5 శాతం, ఆ పరీక్షలో వచ్చిన పెరుగుదల రెండు గుంపుల్లోనూ కొద్దిపాటిదే. ప్రయత్నించాలనుకుంటే రెండు పెద్ద చెంచాల కొబ్బరినూనెలో పది పన్నెండు చుక్కలు చాలు. చిక్కటి నూనె అలాగే రాస్తే చర్మం మండిపోతుంది. ముందు మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు చూడండి.

గ్రీన్ టీ మీద పరీక్షలు ఎక్కువగా ప్రయోగశాల గాజు పళ్ళేల్లో జరిగినవే.

ఆరో మెట్టు: ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకోండి

గర్భిణి, లేదా గర్భం కోసం చూస్తున్న స్త్రీ ఇంట్లో ఉంటే ఫినాస్టరైడ్, డుటాస్టరైడ్ విషయంలో ఏ మినహాయింపూ లేదు. కడుపులో మగపిల్లవాడుంటే జననాంగాలు సరిగ్గా ఏర్పడటానికి డీహెచ్‌టీ కావాలి. ఇందాక చెప్పిన డొమినికన్ పిల్లల సంగతి ఇక్కడే అక్కరకొస్తుంది. ఆమె ఆ లోషన్ ముట్టుకోకూడదు. తడి ఆరని తల ఆమె చర్మానికి తగలకూడదు. దిండ్లు వేరుగా ఉండాలి. రాసుకున్న వెంటనే చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మా దగ్గర ఇంకో అలవాటు చూస్తుంటాను. నాన్నగారికి ప్రొస్టేట్‌కి రాసిన 5 మిల్లీగ్రాముల మాత్రను బ్లేడుతో ముక్కలు చేసి కొడుకు వాడుకుంటాడు. పైపొర ఉన్న మాత్ర విరగకుండా ఉన్నంతసేపు ముట్టుకున్నా ఫర్వాలేదు. విరిచాక ఆ పొడి గర్భిణి చేతికి అంటకూడదు. వంటింటి గట్టు మీద ఆ పని చేసే ఇల్లు నాకు తెలుసు. దయచేసి చేయకండి.

సా పామెట్టో కూడా గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వద్దు. రక్తం పలచబడే మందులు, అంటే వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడేవాళ్ళు డాక్టరుతో చెప్పకుండా మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ ఉంటే ముందుగానే చెప్పి ఆపాలి. మినాక్సిడిల్ పిల్లులకు విషం, ఇంట్లో పిల్లి ఉంటే లోషన్ తడి ఉన్న దిండు నాకనివ్వకండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు, మినాక్సిడిల్ రాశాక గుండెదడ వచ్చినా, కాళ్ళు వాచినా, వెంటనే ఆపి డాక్టరును కలవాలి.

ఫినాస్టరైడ్‌తో కోరిక తగ్గడం, అంగస్తంభన ఇబ్బంది, వీర్యం తగ్గడం, రొమ్ముల్లో నొప్పి కొద్దిమందికి వస్తాయి. చాలామందికి ఆపితే పోతాయి. కొందరు ఆపాక కూడా తగ్గలేదని చెప్పారు. మనసు కుంగిపోవడం, చావాలనే ఆలోచనలు రావడం మాత్రతో జరగవచ్చని 2025 మే నెలలో యూరప్ మందుల సంస్థ నిర్ధారించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెరికా సంస్థ, కలిపి తయారుచేసి అమ్ముతున్న పూత ఫినాస్టరైడ్ మీద కూడా హెచ్చరిక ఇచ్చింది. ఇదివరకు డిప్రెషన్ ఉన్నవాళ్ళు ఈ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి. సిగ్గుపడి దాచుకునే విషయం కాదు. ఇంట్లో ఒకరికి కూడా చెప్పి ఉంచండి, మనిషి మారినట్టు ముందుగా కనిపించేది వాళ్ళకే.

ఏడో మెట్టు: ఒక్కటే మొదలుపెట్టండి, అదే గోడ దగ్గర ఫొటో తీయండి

డాక్టరుతో మాట్లాడాక ఒక్క మందు ఎంచుకోండి. ఇంకోటి కలపాలనిపిస్తే కనీసం మూడు నెలలు ఆగండి.

మన దగ్గర పూత మందు పాడైపోయేది నూనె దగ్గర. పొద్దున్నే తలకు నూనె పెట్టుకుని దాని మీద లోషన్ రాస్తారు. అది కుదుటి దాకా దిగదు. తల పొడిగా, నూనె లేకుండా ఉన్నప్పుడు జుట్టు పాయలు తీసి, చర్మం మీద పడేలా రాయాలి. పడుకోవడానికి రెండు గంటల ముందే రాస్తే దిండుకు అంటదు. మినాక్సిడిల్ రాశాక నాలుగు గంటలు, ఫినాస్టరైడ్ కలిసినదైతే ఆరు గంటలు తల తడపకండి. నూనె కావాలంటే తలస్నానానికి ముందు గంట పెట్టుకోండి.

మినాక్సిడిల్ మొదలుపెట్టిన రెండు వారాల నుంచి రెండు నెలల లోపు జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. పాత వెంట్రుకను తోసుకుని కొత్తది వస్తోందన్నమాట. చాలామంది అక్కడే టెన్షన్ పడి ఆపేసి, మళ్ళీ తైలానికి వెళ్ళిపోతారు.

ఫొటో నెలకు ఒక్కసారి చాలు. ఒకే గోడ, ఒకే ట్యూబులైటు, ఒకే ఎత్తు, పొడి జుట్టు, నడినెత్తి ఒకటి, నుదురు ఒకటి. సింహాచలంలోనో తిరుపతిలోనో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్ళకు ఇది ఇంకా మంచి సమయం. గుండు చేయిస్తే ఒత్తుగా రాదు, మొదలు మొద్దుగా తెగడం వల్ల లావుగా కనిపిస్తుంది. కానీ మొలక వచ్చేటప్పుడు ఎక్కడ ఒత్తుగా ఉందో, ఎక్కడ పలచగా ఉందో తేటగా కనబడుతుంది. ఆ ఫొటో దాచుకోండి.

పూత ఫినాస్టరైడ్‌నైనా, గుళికలనైనా ఆరు నెలలకు ముందు తీర్పు చెప్పకండి. ఏడాదికి పూర్తి అంచనా వస్తుంది. రాలడం ఆగి ఉన్నది నిలబడినా అది మంచి ఫలితమే. ఆరు నెలల ఫొటోల్లో పలచదనం పెరుగుతూనే ఉంటే ఆ మూలిక మీద ఏడో నెల డబ్బు పెట్టొద్దు.

ఆడవాళ్ళ కోసం

ఆడవాళ్ళకు నుదుటి గీత అలాగే ఉండి పాపిట వెడల్పవుతుంది. దానికి మొదటి మందు పూత మినాక్సిడిల్. నెలసరి తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉంటే పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) ఉందేమో చూపించుకోవాలి. హార్మోన్ అడ్డుకునే స్పైరనోలాక్టోన్ లాంటివి డాక్టర్లు ఇస్తారు, గర్భం రాకుండా జాగ్రత్త పడుతూనే వాడాలి. భర్త వాడే లోషన్ సీసా భార్య పంచుకోవడం మా షాపులో తరచూ బయటపడే సంగతి. పిల్లలు పుట్టే వయసులో ఫినాస్టరైడ్ కలిసిన సీసా ఆమె రాసుకోకూడదు. సీసా మీద మినాక్సిడిల్ ఒక్క పేరే ఉందా, పక్కన ఇంకో పేరుందా చూడండి.

చివరి మెట్టు: డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి

సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి, తైలంతో సహా. ఏది ఏ తారీఖున మొదలుపెట్టారో, రోజుకు ఎన్ని మిల్లీలీటర్లో ఒక కాగితం మీద రాయండి. డాక్టరుకు ఒడియా, ఇంగ్లీషే వస్తే మందుల పేర్లు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాయించుకోండి. గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు రాయండి. ఫొటోలు ఫోన్‌లో ఒకే ఫోల్డరులో పెట్టుకోండి.

నలభై దాటినవాళ్ళు ఫినాస్టరైడ్ వాడుతుంటే పీఎస్ఏ పరీక్ష చేసేవాళ్ళకు ఆ మాట చెప్పాలి. అంకె తక్కువగా వస్తుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేసి చదవాలి, లేకపోతే జబ్బు దాగిపోతుంది. రక్తదాన శిబిరంలో కూడా చెప్పండి. ఫినాస్టరైడ్ ఆపాక కనీసం నెల, డుటాస్టరైడ్ ఆపాక ఆరు నెలలు ఆగాలి, ఆ రక్తం ఏ గర్భిణికి వెళ్తుందో మనకు తెలీదు.

మేనల్లుడు ఆ కాగితం పట్టుకుని బరంపురంలో చర్మ డాక్టరును కలిశాడు. కలిపిన లోషన్, గుళికలు ఆపించి, ఉత్త మినాక్సిడిల్ 5 శాతం మీద ఉంచారు. ఛాతీ నొప్పి ఆరు వారాల్లో పోయింది. కాన్పు అయ్యాక మాత్ర సంగతి మాట్లాడదామన్నారు. నెలనెలా నాకు ఫొటో పంపుతున్నాడు. అదే గోడ, అదే ట్యూబులైటు. మంచం మీద దిండ్లు ఇప్పటికీ వేరువేరుగానే ఉన్నాయి.